కోడి రక్తంలో దొరికిన ఆనవాలు



ఒకే కొట్టంలో తెగులు సోకితే కొన్ని కోళ్ళు చస్తవి, కొన్ని బతుకుతవి. మేత ఒకటే, నీరు ఒకటే గదా! మరి యీ తేడా యెక్కడిది?

1907లో హంగేరీ పశువైద్యుడు మారెక్, కోళ్ళకు కాళ్ళు పడిపోయే జబ్బునొకదానిని వర్ణించినాడు. దానికి ఆయన పేరే నిలిచిపోయింది.

1950లో అమెరికాలో బ్రైల్స్, ఆయన తోటివారు కోళ్ళ రక్తంలో ‘బి’ అనే వర్గాన్ని వివరించినారు. 1961లో షీర్మన్, నార్డ్‌స్కాగ్ ఒక కోడి చర్మం మరో కోడికి అతికించి చూచినారు. ‘బి’ వర్గం కలవకుంటే వొళ్ళు ఆ అతుకును త్రోసివేసేది. అంటే తనదేదో, పరాయిదేదో పోల్చుకొనే జన్యువులు ఆ చోటనే వున్నవన్నమాట!

1977లో బ్రైల్స్, స్టోన్, కోల్ అనువారు ‘బి-21’ రకం గల కోళ్ళు మారెక్ జబ్బుకు బాగా తట్టుకుంటవని చూపినారు. 1999లో కాఫ్‌మన్ బృందం ఆ చోటును పూర్తిగా చదివి 19 జన్యువులు లెక్కించినది.

అయితే టీకా మానవద్దు. టీకా జబ్బును ఆపుతుందిగాని, క్రిమి లోపలికి చొరబడకుండా ఆపలేదు. అందుచేత పిల్లలను పెద్ద కోళ్ళకు దూరంగా పెంచండి. పుంజును యెన్నుకొనేటప్పుడు బరువొక్కటే చూడక, దాని తోబుట్టువులు యెన్ని బతికినవో కూడా విచారించండి.

ఒక జబ్బుకు నిలిచే రకం మరొకదానికి నిలవకపోవచ్చు. కనుక మందంతా ఒకే రకంతో నింపవద్దు, నాటుకోళ్ళను పోగొట్టుకోవద్దు. రేపటి తెగులుకు విరుగుడు వాటి రక్తంలోనే వుండవచ్చు.