ఇంటిపేరేమిటమ్మా?

కొత్త ఊళ్లో అడుగుపెడితే పెద్దవాళ్లు మన పేరు కాదు, ఇంటిపేరు అడుగుతారు. 2002లో నెదర్లాండ్స్‌కి చెందిన క్లాస్ వీరెంగా యూనివర్సిటీల వైఫైకి ఇంచుమించు ఈ పద్ధతే సూచించాడు. అదే ఎడ్యురోమ్. డయలప్ రోజుల నాటి ‘రేడియస్’నే అందుకు వాడుకున్నారు. పాత చీరకి కొత్త అంచన్నమాట!

విద్యార్థి ఐడీలో ‘అట్’ గుర్తు తర్వాత ఉండేదే ఇంటిపేరు. అది చూసి పరాయి యూనివర్సిటీ సొంత యూనివర్సిటీకి కబురు పంపుతుంది. “మీ పిల్లేనా?” “మా పిల్లే.” అంతే, తలుపు తెరుస్తారు. పాస్‌వర్డు మాత్రం అంటించిన కవరులో సొంతింటికే పోతుంది. దారిలో ఎవరూ చదవలేరు. నాకు నచ్చిందదే.

అయితే అదే బోర్డు దొంగ కూడా తగిలించుకోవచ్చు. అందుకే అవతల ఉన్నది మన ఇల్లేనా అని ఫోను ముందుగా సర్టిఫికెట్టు సరిచూడాలి. చూడకుండా ‘సరే’ నొక్కేశామో, ఆ కవరు దొంగ చేతికే!