పాసైనా ఫెయిలైనా... ఆ మెమో కావాలి!

పటాన్‌చెరు నుంచి ఇంద్రేశం దాకా గోడల మీద, కరెంటు స్తంభాల మీద అంటించే ప్రకటనల్లో ఒక మాట పాతబడదు: ‘హెల్పర్లు కావలెను. టెన్త్ పాస్/ఫెయిల్’. తప్పినా ఫర్వాలేదు, ఆ పరీక్ష గడప మాత్రం తొక్కి ఉండాలి.

ఆ గడప ఈనాటిది కాదు. నిజాం ఏలుబడిలో మొదట్లో ఇక్కడి పిల్లలు మద్రాసు విశ్వవిద్యాలయం మెట్రిక్ రాసేవారు. 1918లో ఉస్మానియా వచ్చింది. దాని మెట్రిక్ ఉర్దూలో. ఇంట్లో తెలుగు మాట్లాడే మెదక్ జిల్లా పిల్లాడు లెక్కలూ చరిత్రా ఉర్దూలో రాయాల్సిందే. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడేసరికి ఇటు తెలంగాణలో హెచ్ఎస్‌సీ, అటు ఆంధ్రలో ఎస్ఎస్ఎల్‌సీ. క్రమంగా రెండూ పోయి ఎస్ఎస్‌సీ మిగిలింది. 1969-70లో రెండేళ్ల ఇంటర్ మొదలై, 1971లో దానికి వేరే బోర్డు వచ్చింది. పదో తరగతి బడి చదువుకు చివరి మెట్టయింది.

ఆ మెట్టుకు కాపలా ప్రభుత్వ పరీక్షల విభాగానిది. పిల్లల వివరాలు నింపే నామినల్ రోల్స్, హాల్‌టికెట్లు, పోలీస్ స్టేషన్లో భద్రపరిచే ప్రశ్నపత్రాలు, ఎవరి జవాబుపత్రమో దిద్దే టీచరుకు తెలియకుండా వేసే కోడ్, స్పాట్ వాల్యుయేషన్... ఇదంతా నమ్మకం నిలబెట్టడానికే. 2023 ఏప్రిల్‌లో తాండూరులో పరీక్ష మొదలైన కాసేపటికే తెలుగు పేపర్ వాట్సాప్‌కెక్కితే రాష్ట్రమంతా గగ్గోలెత్తింది అందుకే.

పద్ధతులు మారుతూనే ఉన్నాయి. 2012లో మార్కులకు బదులు గ్రేడ్లొచ్చాయి. 2020లో కరోనా వల్ల 5.34 లక్షల మంది ఇంటర్నల్ మార్కులతోనే గట్టెక్కారు. ఆ తర్వాత పదకొండు పేపర్లు ఆరయ్యాయి. 2025లో మెమోపైకి మార్కులు తిరిగొచ్చాయి.

మారనిది ఒక్కటే, మెమో మీది పుట్టినతేదీ. బడిలో చేర్చుకునేటప్పుడు పంతులుగారు అంచనాగా వేసిన ఏ జూన్ తేదీయో ముందు మెమోకెక్కి, తర్వాత ఉద్యోగంలోకీ పాస్‌పోర్టులోకీ ఎక్కింది. చివరికి రిటైర్మెంట్ రోజునూ అదే తేల్చింది. మార్కుల్ని నాలుగేళ్లకు ఎవరూ అడగరు. ఆ తేదీని, పేరును జీవితాంతం అడుగుతారు.

అందుకే మీ ఇంట్లో ఈ ఏడాది టెన్త్ పిల్లలుంటే, నామినల్ రోల్ మీద సంతకం పెట్టేముందు ఇంటిపేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టినతేదీ ఒక్కసారి సరిచూడండి. ఇప్పుడైతే ఐదు నిమిషాల పని. మెమో అచ్చయ్యాక ఆఫీసుల చుట్టూ తిరగాల్సిందే.