పేర్లు తిరిగొచ్చిన దేశం

ఐర్లండు పటం విప్పిన తెలుగువాడి కంట ముందుగా పడే మాట 'బల్లీ'. బల్లీమన్, బల్లీఫర్మట్, బల్లీమీనా, బల్లీమోర్... ఇలా మొదలయ్యే ఊళ్లు నేనుంటున్న ఈ దీవిలో వేలల్లో ఉన్నాయి. మన అనకాపల్లిలోని 'పల్లి'కీ దీనికీ చుట్టరికం ఏమీ లేదు. ధ్వని కలిసింది, అర్థమూ కాస్త కలిసింది, అంతే. అయినా ఈ దేశం కథ మన ఊరివాళ్లకు చెప్పాలంటే ఇంతకంటే మంచి దారి నాకు కనబడలేదు.

ఐరిష్ భాషలో అసలు మాట 'బల్య'. ఇల్లు, పల్లె, ఊరు అన్నీ దాని అర్థాలే. 'స వల్య' అంటే ఇంటి దగ్గర, 'అవల్య' అంటే ఇంటికి, 'బల్య మోర్' అంటే పెద్ద ఊరు. మనం 'ఊరెళ్తున్నాను' అన్నప్పుడు ఇల్లూ వీధీ అయినవాళ్లూ అందరూ ఆ ఒక్క మాటలో ఇమిడిపోతారు కదా, బల్య కూడా అంతే. ఇంగ్లిష్‌లో దాన్ని 'టౌన్' అంటే పదిళ్లు లేని చోటు కూడా పట్నమైపోతుంది. 'హోమ్' అంటే ఊరు జారిపోతుంది. చాలాచోట్ల బల్య అంటే మన రెవెన్యూ గ్రామంకన్నా చిన్నదైన భూమి ముక్క. ఇంగ్లిష్‌లో టౌన్‌ల్యాండ్ అంటారు. దీవి మొత్తం మీద ఇలాంటివి 60 వేలకు పైగా ఉన్నాయి. 2015లో ఎయిర్‌కోడ్ అనే పోస్టు కోడ్ వచ్చేదాకా పల్లెల్లో చిరునామా అంటే మనిషి పేరు, టౌన్‌ల్యాండ్ పేరు, దగ్గర్లోని పట్నం పేరు. తక్కినదంతా పోస్ట్‌మ్యాన్‌కి తెలిసేది.

బల్య బల్లీగా మారింది జనం నోట, దొరల దస్తావేజుల్లో. పటం మీద దాన్ని స్థిరపరచింది మాత్రం బ్రిటిష్ సర్వే. స్థానిక పన్నును సక్రమంగా వేయడానికి ప్రతి టౌన్‌ల్యాండునూ కొలవాలని 1824లో నిర్ణయించారు. మైలుకు ఆరంగుళాల లెక్కన గీసిన పటాలు 1846 నాటికి దీవి అంతటికీ వచ్చేశాయి. పేర్ల పని జాన్ ఓ'డొనవన్ అనే ఐరిష్ పండితుడిది. జిల్లా జిల్లా తిరిగి, ముసలివాళ్ల నోట ఊరి పేరు విని, దాని ఐరిష్ రూపం రాసుకుని, పటానికి తగిన ఇంగ్లిష్ రూపం సూచించేవాడు. ఆయన శ్రద్ధను శంకించేవాళ్లు తక్కువ. కానీ ఇంగ్లిష్ రూపంలో తేడాలు చెరిగిపోయాయి. 'బల్లినా' అనే ఊరికి బల్యతో సంబంధమే లేదు. దాని అసలు పేరు 'బేల్ అన్ ఆహా', అంటే రేవు ముఖం, ఏరు దాటే చోటు. పటంలో చూస్తే అదీ బల్లీల తోబుట్టువే. బ్రయన్ ఫ్రీల్ 'ట్రాన్స్‌లేషన్స్' నాటకం ఈ సర్వే మీదే. 1980లో డెరీ పట్టణంలో తొలిసారి ఆడారు.

ఆ సర్వే మన ప్రాంతం దాకా వచ్చింది. ఎండకు లోహం సాగినా కొలత మారకుండా ఇత్తడి, ఇనుప కడ్డీలు జతచేసిన పరికరాన్ని సర్వే అధిపతి థామస్ కోల్బీ ఐర్లండు కోసం చేయించాడు. 1829లో ఇండియా సర్వే అధికారి జార్జ్ ఎవరెస్ట్ ఐర్లండుకు వచ్చి ఆ పని చూశాడు. అలాంటి కడ్డీలే ఇండియాకు చేరాయి. 1862లో విశాఖపట్నం ప్రాంతంలో సర్వే ఆధారరేఖను కొలిచింది ఆ రకం కడ్డీలతోనే. మన భీమునిపట్నం బిమ్లీపటంగా, విశాఖపట్నం వైజాగపటంగా చలామణీ అయింది కూడా ఆ దొరల కాలంలోనే.

ఇక్కడి నుంచి రెండు దేశాల కథలూ విడిపోతాయి. పటాలు పూర్తవుతున్న రోజుల్లోనే, 1845లో, ఐర్లండులో బంగాళాదుంప పంటకు తెగులు పట్టింది. ఆ కరువులో పది లక్షల మంది చచ్చిపోయారు, ఇంకో పది లక్షల మంది ఓడలెక్కారు. ఎక్కువ దెబ్బ తిన్నది ఐరిష్ మాట్లాడే పడమటి పేదపల్లెలే. అప్పటికే 1831 నుంచి సర్కారు బడుల్లో చదువు ఇంగ్లిష్‌లో సాగుతోంది. కొన్నిచోట్ల పిల్లల మెడలో కర్ర కట్టి, ఐరిష్ మాట దొర్లినప్పుడల్లా దానిమీద గాటు పెట్టేవారు. సాయంత్రం గాట్లు లెక్కపెట్టి దెబ్బలు. ఇంట్లో గాట్లు పెట్టింది తల్లిదండ్రులే. పిల్లలు అమెరికాలోనో లివర్‌పూల్‌లోనో బతకాలంటే ఇంగ్లిష్ కావాలి మరి.

స్వాతంత్ర్యం వచ్చాక పేర్లు తిరిగొచ్చాయి. రాజుగారి పేరుతో ఉన్న కింగ్స్‌టౌన్ అయితే అంతకు ముందే, 1920లో, డన్ లేరి అయింది. 1937 రాజ్యాంగం ఐరిష్‌ను మొదటి అధికార భాష చేసింది. రెండు పాఠాల మధ్య తేడా వస్తే చెల్లేది ఐరిష్ పాఠమే. ఇప్పుడు రోడ్డు బోర్డు మీద పైన ఐరిష్, కింద ఇంగ్లిష్. కారు నంబరు ప్లేటు మీద జిల్లా పేరు ఐరిష్‌లో ఉంటుంది. డబ్లిన్‌కు ఐరిష్ పేరు 'బల్య ఆహా క్లియా', తడికెల రేవు ఊరు. పేర్లు మరీ జోరుగా తిరిగొచ్చిన చోట గొడవలూ అయ్యాయి. 2005లో ఐరిష్ మాట్లాడే ప్రాంతాల్లో ఇంగ్లిష్ పేర్లకు అధికారిక హోదా తీసేస్తే, డింగిల్ ఊరివాళ్లు టూరిస్టులకు దారి తెలియదని ఎదురుతిరిగి, మరుసటి ఏడు ఓటు వేసుకుని, 2011లో ఇంగ్లిష్ పేరునూ దక్కించుకున్నారు.

మరి భాష? 2022 జనాభా లెక్కల్లో ఐరిష్ వచ్చని 18 లక్షల 70 వేల మందికి పైగా చెప్పుకున్నారు. బడి బయట రోజూ మాట్లాడేవాళ్లు 72 వేల లోపే. దాదాపు అందరూ బడిలో పన్నెండు పదమూడేళ్లు చదువుతారు. మా పాపా చదువుతోంది. కానీ సూపర్‌మార్కెట్‌లో ఎవరి నోటా ఆ మాట వినబడదు.

అనకాపల్లిది తిరగేసిన కథ. ఇంగ్లిష్‌లో మన ఊరి పేరు రైల్వే స్టేషన్ బోర్డు మీద ఒకలాగ, 2022లో ఏర్పడ్డ జిల్లా కాగితాల్లో ఇంకోలాగ ఉంటుంది. దానివల్ల మనకు పోయింది ఏమీ లేదు. బెల్లం మార్కెట్‌లో వేలంపాట తెలుగులోనే సాగుతోంది, నూకాంబిక జాతరలో మొక్కూ తెలుగులోనే. అందుకే బోర్డుల గురించి వాదన వచ్చినప్పుడు నాకంత పట్టింపు ఉండదు. పట్టింపు ఉన్నది ఇంటి గురించి. 2019లో ఆంధ్రప్రదేశ్ సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం జీవో వచ్చినప్పుడు, 2020లో హైకోర్టు దాన్ని కొట్టేసినప్పుడు, రెండు పక్షాల మాటలూ ఇక్కడి నుంచి విన్నాను. పిల్లలకు ఇంగ్లిష్ కావాలన్న తల్లిదండ్రుల్ని నేను తప్పుపట్టలేను, ఆ ఇంగ్లిషే నన్ను ఇక్కడికి తెచ్చింది. ఐర్లండు తల్లిదండ్రుల్నీ తప్పుపట్టలేను. ఇంగ్లిష్ రావడానికి ఇంటి భాష మాన్పించనక్కర్లేదని ఆ రోజుల్లో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. మనకు చెప్పడానికి ఐర్లండు ఉంది.