పుల్లూరు టోల్‌గేటు దగ్గర

కర్నూలు పెద్దాసుపత్రిలో "హైదరాబాద్ తీసుకెళ్లండి" అన్నారంటే మా వైపు వాళ్లకి ఇక విడమరిచి చెప్పక్కర్లేదు. తుంగభద్ర దాటి దాదాపు 210 కిలోమీటర్లు.

ఈ అలవాటుకి చరిత్ర ఉంది. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడటంతో రాజధాని హైదరాబాద్‌కి వెళ్లిపోయింది. ఉస్మానియా, గాంధీ అప్పటికే అక్కడున్నాయి. తర్వాత నిమ్స్ వచ్చింది, కార్పొరేట్ ఆసుపత్రులు వచ్చాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీతో పేదవాళ్లు కూడా ఆ మెట్లెక్కగలిగారు. పెద్ద జబ్బంటే హైదరాబాదే అన్నది అలా స్థిరపడిపోయింది.

2014 జూన్ 2న తుంగభద్ర రాష్ట్రాల సరిహద్దయింది. విభజన చట్టం పదేళ్లకు మించకుండా హైదరాబాద్‌ని ఉమ్మడి రాజధానిగా ఉంచింది. అంబులెన్సులకి మాత్రం ఆ గీత 2021 మే నెలలో, కరోనా రెండో విడతలో, మొదటిసారి గట్టిగా తగిలింది. జోగులాంబ గద్వాల జిల్లా పుల్లూరు టోల్‌గేటు దగ్గర తెలంగాణ పోలీసులు వాటిని ఆపేశారు. ఆసుపత్రిలో బెడ్ ఖాయమై ఉండాలి, కంట్రోల్ రూమ్ అనుమతి కూడా ఉండాలి అని మే 11న ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది.

ఆ వాదన కొట్టిపారేయదగ్గది కాదు. హైదరాబాద్‌లోనూ అప్పుడు బెడ్లు లేవు. బెడ్ ఖాయం చేసుకోకుండా బయల్దేరిన రోగి ఆసుపత్రుల గేట్ల చుట్టూ తిరగాల్సిందే. అవతలి డాక్టరు ఒప్పుకోవడం, కేసు షీటు, దారికి సరిపడా ఆక్సిజన్: ఇవన్నీ ముందే చూసుకోవాలి.

కానీ ఎవరు చూసుకోవాలి? పంపే ఆసుపత్రి, తీసుకునే ఆసుపత్రితో మాట్లాడి చెయ్యాల్సిన పని అది. పుల్లూరులో అది రోగి కొడుకు నెత్తిన పడింది. సిలిండరు ఖాళీ అవుతుంటే అతను రోడ్డు పక్కన నిలబడి ఫోన్లు చెయ్యాలి. రోగి కోసం ఉండాల్సిన ఏర్పాటు కాస్తా రోగిని ఆపే షరతైంది.

మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వుపై స్టే ఇచ్చింది. కంట్రోల్ రూమ్ సాయానికి ఉండొచ్చు గానీ, దాని అనుమతి లేదని అంబులెన్సుని ఆపకూడదంది.

నాకు తప్పు ఒక్క తెలంగాణదే అనిపించదు. ఏడేళ్లయినా కర్నూలు రోగికి హైదరాబాద్ తప్పనిసరిగా ఉంచింది ఇటువైపు పాలకులే. ఉమ్మడి రాజధాని గడువు 2024 జూన్‌లో ముగిసింది. అంబులెన్సులు ఇంకా అటే వెళ్తున్నాయి. ఈసారి గేటు పడితే, ఆ ఫోను చెయ్యాల్సింది ఎవరో ఇప్పుడే తేల్చుకోవాలి.