స్త్రీల పొదుపు సంఘములు (ఆంధ్రప్రదేశ్, తెలంగాణ)

ఒకే పేటలో నివసించుచు, ఇంచుమించు సమానమైన ఆర్థికస్థితి గల పది పదిహేనుగురు స్త్రీలు పరస్పర విశ్వాసముతో కూడి, నియమముగా కొంత సొమ్ము నిలువచేసి, ఆ నిలువనుండి అవసరము గలవారికి అప్పిచ్చుకొనుచు, పిమ్మట దానినే ఆధారముగా చూపి బ్యాంకు ఋణము పొందుటకు ఏర్పరచుకొన్న సమూహములకు పొదుపు సంఘములని పేరు. జనవ్యవహారమున ఇవి నేటికిని డ్వాక్రా (గ్రామీణ స్త్రీ శిశు అభివృద్ధి పథకము) సంఘములే. ఆ పేరు గల పథకము 1999లో వేరొక పథకమున లీనమైనను పేరు మాత్రము పల్లెలను విడువలేదు. స్త్రీకి సమాజమున గల స్థానమునకును కుటుంబదారిద్ర్యము తొలగుటకును గల సంబంధమును పరిశీలింపదలచువారికి తెలుగునాట ఇంతకంటె విపులమైన ఉదాహరణము దొరకదు.

సంఘములకు పూర్వము పేదరిక నిర్మూలనమునకై ప్రభుత్వమిచ్చిన ఋణములు సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకము క్రింద కుటుంబ యజమానికి, అనగా సాధారణముగా భర్తకు, అందుచుండెను. పాడిగేదె అతని పేర వచ్చును. దానికి గడ్డి కోసి తెచ్చుట, కుడితి పెట్టుట, పేడ తీయుట, పాలు పితుకుట ఇల్లాలి పని. పాలడబ్బు మరల అతని చేతికే చేరును. ఈ లోపమును గుర్తించి 1982-83లో కేంద్రప్రభుత్వము యునిసెఫ్ సహాయముతో, ఆ పథకమునకు అంగముగా, దేశమందలి 50 జిల్లాలలో డ్వాక్రాను ఆరంభించినది. అయితే కూడబెట్టుట యనునది ప్రభుత్వము నేర్పిన విద్య కాదు. పోపులపెట్టె అడుగున చిల్లర దాచుటయు, ఇరుగుపొరుగు వారితో చీటీలు కట్టుటయు మన స్త్రీలు ఎన్నడో ఎరిగినవే. వారికి లేనిది దాచిన సొమ్ముపై అధికారము. పగలంతయు కలుపు తీసి తెచ్చిన కూలిడబ్బు సంధ్యవేళకు సారాదుకాణమునకు నడచిపోవుచుండగా అడ్డుచెప్పజాలని స్త్రీకి ఎంత ఋణమిచ్చినను అది ఆ ఇంట నిలువదు.

ఈ సత్యము మొదట కార్యరూపము దాల్చినది నెల్లూరు జిల్లాలో. 1990 తరువాత అక్కడ సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమము సాగి, రాత్రిబడులు వెలసి, పగటి పనులు ముగించుకొని వచ్చిన స్త్రీలు అక్షరములతోపాటు తమ ఇండ్లలోని కష్టములను గూర్చియు మాటలాడుకొన నారంభించిరి. సారావలన చితికిన సంసారముల కథలు వాచకములలోనే ఉండెను. అక్షరములకంటె ఆ కూడికయే ఎక్కువ పని చేసినదని చెప్పవచ్చును. ఒక్కతెగా భర్తతో పోరాడి దెబ్బలు తిన్న స్త్రీ పదిమందితో కలసి దుకాణము ముందు నిలిచినపుడు ఆమెను కొట్టగలవాడు లేకపోయెను. దూబగుంట గ్రామమున వర్ధినేని రోశమ్మ మున్నగు స్త్రీలు సారాను ఊరిలోనికి రానీయక తరిమివేసిన వార్త పొరుగూళ్ళకు ప్రాకి, 1992 నాటికి ఉద్యమముగా మారి, జిల్లా కేంద్రమున సారా వేలముపాటలనే సాగనీయలేదు. 1993 అక్టోబరు 1 నుండి నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమంతట సారాయి నిషేధింపబడెను. 1995 ఆరంభమున సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది, 1997లో సడలిపోయినది. నిషేధము నిలువకపోయినను, సారాకు పోకుండ మిగిలిన సొమ్మును రోజుకొక రూపాయి చొప్పున కూడబెట్టుకొను అలవాటు 'పొదుపు లక్ష్మి' పేర నెల్లూరు జిల్లాలో నిలిచి, తరువాతి సంఘములకు మార్గదర్శకమయ్యెను. ఇచ్చట క్రమము గమనింపదగినది: ముందు మాట చెల్లినది, పిదప సొమ్ము నిలిచినది, ఆ పైన ఋణము వచ్చినది.

1992లో జాతీయ వ్యవసాయ గ్రామీణాభివృద్ధి బ్యాంకు (నాబార్డు) ప్రయోగముగా 500 సంఘములను బ్యాంకులతో జతపరచిన విధానము క్రమముగా దేశవ్యాప్తమైనది. 2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ఏర్పడి, ప్రపంచబ్యాంకు సహాయముతో 'వెలుగు' కార్యక్రమము నడపి, సంఘములను గ్రామ, మండల, జిల్లా సమాఖ్యలుగా కూర్చినది. దీని అనుభవము 2011లో వెలసిన జాతీయ గ్రామీణ జీవనోపాధుల పథకమునకు ఆధారములలో నొకటి.

ముందు మాట, పిదప సొమ్ము, ఆ పైన ఋణము అను క్రమము తలక్రిందులైనచో ఏమగునో సూక్ష్మఋణ సంస్థల చరిత్ర తెలుపును. అవి సంఘపద్ధతిని గ్రహించినవి గాని, సంఘమును స్త్రీలు తామై పెంచుకొనుటకు పట్టు కాలమును గ్రహింపలేదు. పూచీ మాత్రము గుంపునకు వదలి, వారమువారము వాయిదాలు వసూలు చేసినవి. ఒక అప్పు తీర్చుటకు మరియొక అప్పు చేసిన కుటుంబములు పెక్కు. ఆత్మహత్యల వార్తలు వెలువడగా, 2010 అక్టోబరులో రాష్ట్రప్రభుత్వము అత్యవసర శాసనము చేసి, సంస్థలు రిజిస్టరు కావలెననియు, వసూళ్ళు నెలకొకమారు బహిరంగ స్థలముననే జరుగవలెననియు విధించినది. హైదరాబాదులోని 104 పేదవాడలలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో మొదలగువారు జరిపిన పరిశోధనమందును, ఇట్టి ఋణముల వలన కొందరి చిన్న వ్యాపారములు పెరిగినవే గాని, ఇంటి నిర్ణయములలో స్త్రీల మాటకు గల విలువ చెప్పుకోదగినంతగా మారలేదని తేలినది.

సంఘములు చాలవరకు తాకలేకపోయిన విషయము భూమి. తెలుగు జిల్లాలలో ఆడుబిడ్డకు పసుపుకుంకుమల క్రింద పొలమిచ్చు ఆచారము కొన్నిచోట్ల పూర్వమునుండి గలదు; కాని ఆ పొలము తరచుగా అల్లుని సాగులోనే ఉండును. పిత్రార్జితమున కుమార్తెకు కుమారునితో సమానమైన హక్కును 1985 సెప్టెంబరు 5 నుండి అమలులోనికి తెచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ చట్టము దేశమునకు దారి చూపినది. అయితే అప్పటికే వివాహమైనవారికి అది వర్తింపలేదు. కేంద్రచట్టము ఆ హక్కును 2005లో దేశమంతటికిని విస్తరింపజేసినది. సోదరులతో రాకపోకలు చెడునను భయమున హక్కు వదలుకొని సంతకము చేయు ఆడుపడుచులు నేటికిని కలరు. పుట్టింటి చీరె సారెలకు ఆశపడి ఎకరములు వదలుకొనుట లోకమునకు పొరపాటుగా తోచవచ్చును గాని, కష్టకాలమున తలుపు తట్టుటకు మరియొక ఇల్లు లేని స్త్రీకి అది వివేకమే. పట్టాదారు పాసుపుస్తకము భర్త పేర నుండగా, నాట్లు మొదలు నూర్పు వరకు పొలముననే యుండు భార్య బ్యాంకులో పంటఋణము అడుగుటకు రైతు కాదు; ఆమెకు సంఘపు అప్పే గతి. ఈ చిక్కును గుర్తించియే సంఘముల ద్వారా నిరుపేదలకు కొని ఇచ్చిన భూములును, ప్రభుత్వమిచ్చు ఇండ్లస్థలముల పట్టాలును స్త్రీల పేర వ్రాయు పద్ధతి వచ్చినది.