ఊరి చెంత రసాయన పరిశ్రమ: యాజమాన్యం తెలుపవలసినవి, గ్రామస్థులు అడగవలసినవి

2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్నం శివారులోని ఆర్.ఆర్. వెంకటాపురం ప్రజలు నిద్రలో ఉండగా, పక్కనే ఉన్న ఎల్జీ పాలిమర్స్ కర్మాగారపు నిల్వ ట్యాంకు నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి ఇళ్లలోకి చేరింది. పన్నెండు మంది మరణించారు. వందలాదిమంది ఆసుపత్రుల పాలయ్యారు. కర్మాగారంలో సైరన్ ఏర్పాటు ఉన్నప్పటికీ ఆ వేళ దానిని మ్రోగించలేదని రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతాధికార సంఘం తన నివేదికలో పేర్కొంది.

ప్రమాదకర రసాయనాలను నిల్వ చేసే సంస్థ ఎవరికి, ఎప్పుడు, ఏమి తెలుపవలెనో మన దేశంలో స్పష్టమైన నిబంధనలు ఉన్నాయి. వాటిలో చుట్టుపక్కల గ్రామస్థులకు సంబంధించినవి కూడా కొన్ని ఉన్నాయి. వాటిని గూర్చి తెలిసినవారు తక్కువ.

చట్టాల నేపథ్యం

1984 డిసెంబరు 2, 3 తేదీల నడిమి రాత్రి భోపాల్‌లో మిథైల్ ఐసోసయనేట్ వాయువు వేలాదిమందిని బలిగొన్నది. దాని తరువాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. ఆ చట్టం క్రింద 1989లో ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నిబంధనలు, 1996లో రసాయన ప్రమాదాల అత్యవసర ప్రణాళిక నిబంధనలు వెలువడ్డాయి. 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాద వివరాలను కార్మికులకే గాక స్థానిక సంస్థకు, పరిసర ప్రజలకు కూడా వెల్లడించాలని చేర్చారు. 2025 నవంబరు 21న ఆ చట్టం స్థానంలో అమలులోకి వచ్చిన వృత్తిపర భద్రత, ఆరోగ్య స్మృతి కూడా ఈ బాధ్యతను కొనసాగించింది.

ఎవరు తెలుపవలెను?

1989 నిబంధనల అనుబంధాలలో రసాయనాల పట్టిక, ఒక్కొక్కదానికి పరిమాణపు హద్దు ఉన్నాయి. క్లోరిన్‌కు ఆ హద్దు 10 టన్నులు. నీటిశుద్ధి కేంద్రాలలో కనిపించే పెద్ద క్లోరిన్ సిలిండరు, అనగా టన్నరు, సుమారు 900 కిలోలు పడుతుంది. ఆ లెక్కన నిండు టన్నర్లు పన్నెండు ఉన్నచోట హద్దు దాటినట్లే. భోపాల్ విషవాయువుకు హద్దు 150 కిలోలు మాత్రమే.

హద్దు దాటిన సంస్థ పని ప్రారంభించడానికి కనీసం మూడు నెలల ముందు ఆ స్థలం, రసాయనాల వివరాలను సంబంధిత అధికారికి వ్రాతపూర్వకంగా సమర్పించి అనుమతి పొందాలి. పెద్ద ప్రమాదం జరిగినచో 48 గంటలలోగా తెలియజేయాలి.

హద్దుకు లోబడినంత మాత్రాన అపాయం లేదని భావించరాదు. ఐసు ఫ్యాక్టరీలు, శీతల గిడ్డంగులు, రొయ్యల శుద్ధి కర్మాగారాలలో అమ్మోనియా సాధారణంగా వాడుకలో ఉంది. పెట్రోలు బంకులు, గ్యాస్ గోదాములు, బాణాసంచా నిల్వలు వేరే నిబంధనల క్రిందికి వస్తాయి. వీటి పర్యవేక్షణలో నాగపూర్ ప్రధాన కేంద్రంగా గల పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ పాత్ర ముఖ్యమైనది.

రెండు ప్రణాళికలు

మొదటిది ఆవరణ లోపలి అత్యవసర ప్రణాళిక. దీనిని యాజమాన్యమే తయారుచేసి, ఆరు నెలలకొకసారి మాక్ డ్రిల్ జరపాలి. రెండవది ఆవరణ వెలుపలి అత్యవసర ప్రణాళిక. దీనిని జిల్లా కలెక్టరు లేదా జిల్లా అత్యవసర అధికార సంస్థ తయారుచేసి, ఏడాదికి కనీసం ఒకసారి అభ్యాసం నిర్వహించాలి. ప్రజలను ఏ దారిన తరలించాలి, ఎక్కడ ఆశ్రయం కల్పించాలి, ఏ ఆసుపత్రికి చేర్చాలి అనే విషయాలకు దీనిలోనే చోటు.

1989 నిబంధనలలోని 15వ నిబంధన గ్రామస్థులకు అన్నిటికన్నా ముఖ్యమైనది. ప్రమాదం ఎలాంటిదో, అప్పుడు చేయవలసినవి, చేయరానివి ఏమిటో, ఆవరణ వెలుపల దాని బారిన పడగల ప్రజలకు యాజమాన్యం నేరుగా గాని, జిల్లా అత్యవసర అధికార సంస్థ ద్వారా గాని ముందుగానే తెలియజేయాలి. ప్రమాదం జరిగిన పిదప ఇచ్చే ప్రకటనతో ఈ బాధ్యత తీరదు.

స్థానిక క్రైసిస్ గ్రూపు

1996 నిబంధనలు కేంద్ర, రాష్ట్ర, జిల్లా, స్థానిక స్థాయిలలో క్రైసిస్ గ్రూపులను ఏర్పరచాయి. జిల్లా గ్రూపు 45 రోజులకొకసారి, స్థానిక గ్రూపు నెలకొకసారి సమావేశం కావాలి. స్థానిక గ్రూపులో ఫ్యాక్టరీల తనిఖీ అధికారి, అగ్నిమాపక, పోలీసు అధికారులు, వైద్యులతో పాటు సర్పంచి లేదా గ్రామ పెద్ద, స్థానిక పత్రిక సంపాదకుడు కూడా సభ్యులు. ఆ స్థానాలలో ఎవరు ఉన్నారో, చివరి సమావేశం ఎప్పుడు జరిగినదో గ్రామసభలో అడగవచ్చు.

సరిహద్దు గ్రామాల సమస్య

గుమ్మిడిపూండి సిప్కాట్ పారిశ్రామికవాడ తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లాలో ఉంది. దానికి చేరువనే, సరిహద్దుకు ఇవతల, తిరుపతి జిల్లాలో శ్రీసిటీ ఉంది. యానాం పుదుచ్చేరి పాలనలో ఉన్నా దాని చుట్టూ ఉన్నవి ఆంధ్ర జిల్లాలు. అత్యవసర ప్రణాళికలేమో ఏ జిల్లాకు ఆ జిల్లాలో తయారవుతాయి. విషవాయువు మాత్రం గాలివాటున ఎటైనా పోతుంది. కనుక పొరుగు రాష్ట్రపు పరిశ్రమకు దగ్గరలో ఉన్న గ్రామం తన పేరు ఏ జిల్లా ప్రణాళికలో ఉన్నదో రెండు కలెక్టరేట్లలోనూ విచారించుకోవాలి.

రెండవ చిక్కు భాషది. హోసూరు ప్రాంతంలోనో, బళ్లారి, రాయగడ జిల్లాలలోనో తెలుగు మాట్లాడే ఇంటిలో పిల్లలు రాష్ట్రభాష చదువగలిగినా, ఇంటివద్ద ఉండే అవ్వకు, తాతకు ఆ హెచ్చరిక బోర్డు అక్షరాలు తెలియకపోవచ్చు. తెలియజేయడమంటే ఎదుటివారికి అర్థం కావడమే. కాబట్టి కరపత్రం తెలుగులోనూ ఇవ్వాలని, మైకు ప్రకటన తెలుగులోనూ ఉండాలని పంచాయతీ తీర్మానం చేసి కలెక్టరుకు పంపడం సమంజసం. ప్రణాళికలో తమ ఊరికి సంబంధించిన భాగాన్ని కోరుతూ 2005 సమాచార హక్కు చట్టం క్రింద దరఖాస్తు చేయవచ్చు. సాధారణంగా 30 రోజులలోగా జవాబు రావాలి.

రహదారిపై ట్యాంకర్లు

చెక్‌పోస్టుల వద్ద ఆగే రసాయన ట్యాంకర్లపై నాలుగు అంకెల సంఖ్య గల పలక ఉంటుంది. 1005 అమ్మోనియా, 1017 క్లోరిన్, 1075 వంటగ్యాసు, 1203 పెట్రోలు. ట్యాంకరు బోల్తాపడినప్పుడు దగ్గరకు పోకుండా, దూరం నుండి కనిపించిన సంఖ్యను 112కు ఫోను చేసి చెప్పినచో, వచ్చే అగ్నిమాపక సిబ్బంది తగిన సన్నద్ధతతో రాగలరు. బోల్తాపడిన ట్యాంకరు నుండి కారే ద్రవాన్ని బిందెలతో పట్టుకోబోవడం ప్రాణాంతకం.

లీకు అయినప్పుడు

గాలి ఎటు వీస్తున్నదో ముందు గమనించాలి. వాయువు వచ్చే దిశకు ఎదురుగా గాని, అది పోయే దిశలోనే ముందుకు గాని పరుగెత్తక, గాలికి అడ్డంగా పక్కకు తొలగాలి. క్లోరిన్, వంటగ్యాసు, స్టైరీన్ ఆవిరి గాలికన్న బరువైనవి. పల్లంలో, కాలువ గట్ల వెంట నిలుస్తాయి. అమ్మోనియా నీటిలో సులభంగా కరుగుతుంది కనుక, దానినుండి తొలగిపోయేటప్పుడు ముక్కుకు, నోటికి తడిగుడ్డ అడ్డుపెట్టుకోవడం కొంత మేలు. బయటికి పోలేనివారు తలుపులు, కిటికీలు మూసి, సందులలో తడిగుడ్డలు కుక్కాలి. మండే వాయువు అయినచో అగ్గిపుల్ల గీయరాదు, విద్యుత్తు మీటలు వేయరాదు, ఆర్పరాదు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరంలో గెయిల్ పైపులైను నుండి వెలువడిన వాయువు అంటుకుని ఇరవైమందికి పైగా మరణించారు.

పరిహారం

1991 ప్రజా బాధ్యత బీమా చట్టం ప్రకారం ప్రమాదకర పదార్థాలతో వ్యవహరించే యాజమాన్యం బీమా చేయించాలి. బాధితులు యాజమాన్యపు తప్పును నిరూపించనక్కరలేదు. ప్రమాదం జరిగిన నాటినుండి ఐదేళ్లలోపు కలెక్టరుకు దరఖాస్తు చేసుకోవాలి.

గ్రామసభలో అడగవలసినవి

పక్కనున్న సంస్థలో ఏ రసాయనం, ఎంత నిల్వ ఉంది? సైరన్ ఎలా మ్రోగుతుంది, చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? ఏ దారిన, ఎక్కడికి పోవాలి? మంచం పట్టినవారిని, బాలింతలను ఎవరు తరలిస్తారు? బడి వేళలో పిల్లల బాధ్యత ఎవరిది? ఈ ఐదు ప్రశ్నలకు వచ్చిన జవాబులను తెలుగులో వ్రాయించి పంచాయతీ గోడకు, బడి గోడకు అంటించిన గ్రామం నిబంధనలలోని అక్షరాన్ని తన ఇంటి గడప వరకు తెచ్చుకున్నట్లే.