ఒప్పించు ఉపన్యాసము

సభలో మాటలాడుట యొకటి, సభను ఒప్పించుట వేరొకటి. మొదటిదానికి కంఠము చాలును. రెండవదానికి వినువారి మనస్సు తెలియవలెను. ఇందులకు దృష్టాంతముగా 1879వ సంవత్సరమున రాజమహేంద్రవరములో కందుకూరి వీరేశలింగము పంతులుగారు వితంతు వివాహమును గూర్చి చేసిన ఉపన్యాసములను మీకు మనవి చేసెదను.

ఆ కాలమున శైశవమునందే వివాహమై, భర్త మొగమైన నెరుగకమున్నే వైధవ్యము పొందిన బాలికలు అనేక గృహములలో నుండిరి. వితంతువుల పునర్వివాహము చెల్లునని 1856లోనే శాసనము పుట్టెను. ఇరువది మూడేండ్లు గడచినను తెలుగుదేశమున దాని ఫలము కానరాలేదు.

పంతులుగారు సభ కేమని చెప్పవలెను? శాసనము కలదనినచో, అది పరదేశీయుల శాసనమందురు. దయ చూపుడనినచో, దయ మాకును కలదు, ధర్మమే అడ్డుపడుచున్నదందురు. కావున ఎదుటివారు ఏ ధర్మశాస్త్రమును నమ్ముదురో ఆ ధర్మశాస్త్రముమీదనే నిలిచి మాటలాడవలసి వచ్చెను. వంగదేశమున ఈశ్వరచంద్ర విద్యాసాగరులు 1855లో ఈ మార్గమునే త్రొక్కియుండిరి.

కలియుగమునకు పరాశరస్మృతి ప్రమాణమని పండితులే యందురు. భర్త కానరాకపోయినను, మరణించినను, సన్యసించినను, నపుంసకుడైనను, పతితుడైనను స్త్రీ మరియొక భర్తను పొందవచ్చునని ఆ స్మృతిలో నున్నది. పూర్వాచారపరులు దీనికి రెండు ఆక్షేపణలు తెచ్చుచుండిరి. వ్యాకరణమునుబట్టి ‘పత్యౌ’ అని యుండవలసినచోట ‘పతౌ’ అని యున్నది గనుక, అది ‘అపతౌ’ అని గ్రహింపవలెననియు, ఇంకను భర్త కానివానిని గూర్చియే, అనగా వాగ్దానమాత్రమైన కన్యను గూర్చియే ఈ వచనము పుట్టినదనియు మొదటి ఆక్షేపణ. ఈ విధి యుగాంతరమునకు చెందినదని మాధవాచార్యులు వ్యాఖ్యానించిరని రెండవది. ఋషివాక్యములలో ఇట్టి ప్రయోగములు కలవని మొదటిదానికి సమాధానము. కలిధర్మములు చెప్పుటకే ఆరంభించిన గ్రంథములోని విధిని వ్యాఖ్యాత వేరొక యుగమునకు త్రోయజాలడని రెండవదానికి సమాధానము.

చూచితిరా! వాదమంతయు పండితుల శాస్త్రముతోనే, పండితుల పద్ధతిలోనే నడచినది. అందుచేత వారు దానిని పరిహసించి త్రోసివేయజాలక, ప్రత్యుత్తరము చెప్పవలసిన వారైరి. మొదటి ఉపన్యాసముపై ఆక్షేపణలు చెలరేగగా, పంతులుగారు ఆ సంవత్సరమే రెండవ ఉపన్యాసము చేసి వానికి బదులు చెప్పిరి. ఈ విషయమునుగూర్చి తెలుగున వ్రాసి ప్రకటించుటచే, సభకు రాని వారికిని వాదము తెలిసెను.

పండితులందరును ఒప్పుకొనిరని నేను చెప్పను. పెక్కుమంది ఒప్పుకొనలేదు. కొందరు లోలోపల సమ్మతించియు కులమునకు వెరచిరి. అట్టివారికి మరియొక యుక్తి చెప్పి ప్రయోజనములేదు. ముందుగా నడచి చూపువాడు కావలెను. 1881 డిసెంబరు 11వ తేదీన పంతులుగారి యింటనే తొలి వితంతు వివాహము జరిగెను. అల్లరి జరుగునేమో యని పోలీసువారు కాపుండిరి. వెలివేయుదురను భయమున వంటవారును, నీళ్లు తెచ్చువారును మానుకొనగా, పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీళ్లు మోసి వంట చేసిరి. శాస్త్రచర్చ విననొల్లనివారు సైతము ఆమె భుజముమీది బిందెను చూచిరి.

గ్రామమున పెద్దలైన మీకు తగవులు తీర్చుటకును, చెరువు పనికి పదిమందిని కూర్చుటకును మాటలాడవలసిన సందర్భములు వచ్చుచునే యుండును. అట్టి సమయమున, ఎదుటివాడు దేనిని ప్రమాణముగా నమ్మునో మొదట తెలిసికొనుడు. అతడు చెప్పబోవు ఆక్షేపణను అతనికంటె ముందుగా మీరే ఆలోచించుకొనుడు. మీ మాటవలన కలుగు కష్టములో మీ యింటివారి కెంత పాలు వచ్చునో వారితో చెప్పి, వారి సమ్మతి పొందిన పిమ్మట సభలో లేచి నిలువుడు.